ఏప్రిల్ 16: పొద్దున బీపీ, షుగర్ పరీక్షలు.. సాయంత్రం పద్య నాటకం

అందరికీ నమస్కారం అండీ.

ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం గారి జయంతి, తెలుగు నాటకరంగ దినోత్సవం. ఆ రోజు మన కమ్యూనిటీ హాల్లో రెండు కార్యక్రమాలు.

ఉదయం 6:30కి పార్కులో నడక. 7:30 నుంచి బీపీ, షుగర్ పరీక్షలు. షుగర్ చూపించుకునేవాళ్లు ముందురోజు రాత్రి 10 తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోవద్దు, పొద్దున కాఫీ కూడా వద్దు. నడక నుంచి నేరుగా వచ్చి బీపీ చూపించుకోకండి, ఐదు నిమిషాలు కూర్చోండి. పాత రిపోర్టులు, వాడే మందుల చీటీ తెచ్చుకోండి.

సాయంత్రం 6:30కి మనవాళ్లే వేస్తున్న పద్య నాటకం. నిన్న రిహార్సల్‌కి వెళ్లాను. హార్మోనియం శ్రుతి అందుకోగానే మన సి-బ్లాక్ తాతగారు కళ్లు మూసుకుని రాగం తీస్తుంటే, బయట క్రికెట్ ఆడే పిల్లలు బ్యాట్లు పట్టుకునే గుమ్మంలో నిలబడిపోయారు. దయచేసి పిల్లల్ని తీసుకురండి.

ముందు రెండు వరుసలు పెద్దవాళ్లకి. ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి, పద్యం మధ్యలో రింగైతే పాడేవాళ్లకి శ్రుతి తప్పుతుంది.

పరీక్షలకి వచ్చేవాళ్లు 14వ తేదీ రాత్రిలోగా పేరు, ఫ్లాట్ నంబరు ఇక్కడే పెట్టండి. కుర్చీలు సర్దడానికి సాయంత్రం 5కి నలుగురు కావాలి. ఎవరొస్తారు?