క్లస్టర్ రెండుగా చీలిన రోజు ఆదుకున్న అందరికీ కృతజ్ఞతలు

ముందు అందరూ అడుగుతున్న సంగతి చెప్పేస్తాను. మా ఆసుపత్రి సర్వర్లు ఇప్పుడు బాగానే ఉన్నాయి. ఒక్క పేషెంటు రిపోర్టు కూడా పోలేదు. "ఏమైంది, ఎలా బయటపడ్డారు" అని చాలామంది మెసేజ్‌లు పెట్టారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడే రాస్తున్నాను. సాయం చేసినవాళ్లలో ఇద్దరు తమ పేర్లు రాయొద్దన్నారు, అందుకని ఎవరి పేరూ రాయడం లేదు.

మాది గుంటూరు జిల్లాలో ఒక మధ్యరకం ఆసుపత్రి. ఓపీ రిజిస్ట్రేషన్, బిల్లింగ్, ల్యాబ్ అన్నీ ఒకే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద నడుస్తాయి. దానికి రెండు సర్వర్ల క్లస్టర్ ఉంది. ఒక సర్వర్ డిస్కులో రాసిందల్లా డీఆర్‌బీడీ అనే సాఫ్ట్‌వేర్ రెండో దానికి కాపీ చేస్తుంది. పైన పేస్‌మేకర్, కొరోసింక్ అనే సాఫ్ట్‌వేర్‌లు కాపలా కాస్తూ, ఒకటి పడిపోతే రెండో దాని మీద డేటాబేస్‌ను లేపుతాయి. చాలా చోట్ల ఉన్న ఏర్పాటే. కాకపోతే దీన్ని పెట్టి వెళ్లిన కాంట్రాక్టరు రెండు పనులు ఎగ్గొట్టాడు. సర్వర్లు ఒకదాన్నొకటి పలకరించుకోవడానికీ, డేటా కాపీకీ కలిపి ఒకే ఒక్క కేబుల్ వేశాడు. ఫెన్సింగ్, అంటే జవాబివ్వని అవతలి సర్వర్‌ను బలవంతంగా ఆపేసే ఏర్పాటు, పెట్టే ఓపిక లేక దాని సెట్టింగ్ స్టోనిత్‌ని ఆఫ్ చేసి వదిలేశాడు.

ఆ కేబుల్ తగిలించిన నెట్‌వర్క్ పోర్టు ఓ రాత్రి చచ్చిపోయింది. రెండు నోడ్లే (సర్వర్లే) ఉన్న క్లస్టర్‌లో, ఒక్కటే మిగిలినా దానికి కోరం (పని నడపడానికి కావాల్సిన ఓట్లు) ఉన్నట్టే లెక్క వేసే సెట్టింగ్ ఒకటి ఉంటుంది. ఫెన్సింగ్ ఉంటే దాంతో ఇబ్బంది లేదు. ఏది ముందు అవతలిదాని కరెంటు తీసేస్తే అది నిలుస్తుంది. ఫెన్సింగ్ లేదు కాబట్టి మొదటి సర్వర్ తన పని తాను చేసుకుపోయింది, రెండోది "అవతలిది పోయింది, ఇక నేనే" అని డేటాబేస్‌ను లేపి, కంప్యూటర్లన్నీ కనెక్ట్ అయ్యే అడ్రసు, అంటే సర్వీస్ ఐపీని కూడా తన మీద వేసుకుంది. ఆసుపత్రి నెట్‌వర్క్ మామూలుగానే ఉండటంతో కొన్ని కంప్యూటర్లు ఒక సర్వర్‌కీ, కొన్ని ఇంకోదానికీ కనెక్ట్ అయ్యాయి. ఏ స్క్రీన్ మీదా ఎర్రర్ రాలేదు. తెల్లవారాక ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది: "కౌంటర్లో ఎక్కించిన పేషెంట్లు మాకు కనిపించట్లేదు సార్."

అప్పుడు నేను చేస్తే ఫోన్ ఎత్తిన, డల్లాస్‌లో ఉండే అన్నకు మొదటి నమస్కారం. అక్కడ రాత్రి ఎనిమిదైంది, ఇంట్లో చుట్టాలున్నారు. అయినా లేచి పక్క గదిలోకి వెళ్లి కూర్చున్నాడు. కేబుల్‌ను వేరే పోర్టుకి మారుస్తున్నానని చెప్పగానే, "తమ్ముడూ, ఆ కేబుల్ ముట్టుకోకు. ముందు డీఆర్‌బీడీ కాన్ఫిగరేషన్ నాకు చదివి వినిపించు" అన్నాడు. చదివాను. స్ప్లిట్ బ్రెయిన్ (ఇలా రెండు సర్వర్లూ ఎవరికి వారే డేటా రాసుకోవడం) వస్తే ఏం చెయ్యాలో అందులో ముందే రాసి ఉంది: రెండిట్లో సెకండరీగా, అంటే కాపీ తీసుకునేదిగా ఉన్న దాని డేటాను వదిలెయ్. అంటే కేబుల్ కలిపిన కాసేపటికి పేస్‌మేకర్ ఒకదాన్ని సెకండరీ చేసేది, ఆ వెంటనే దాని మీద రాత్రంతా ఎక్కిన డేటా ఎవరినీ అడక్కుండా పోయేది. చాలామంది ఆ లైను ఎక్కడి నుంచో కాపీ కొట్టి పెట్టుకుంటారు. మీ క్లస్టర్‌లో డిస్కార్డ్-సెకండరీ అని ఉందేమో ఇవాళే ఒకసారి చూసుకోండి.

తర్వాత ఆయన చెప్పిన వరుసలోనే చేశాం. క్లస్టర్ తనంతట తాను ఏమీ చెయ్యకుండా మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టాం. కౌంటర్లన్నీ ఆపించి కాగితం మీద రాయమన్నాం. రెండు సర్వర్లలోనూ డిస్కుకి ఎల్‌వీఎం స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఉన్నదున్నట్టు నకలు), డేటాబేస్‌కి డంప్ (మొత్తం డేటా ఫైలుగా) తీసి, ఆ కాపీలు మూడో మెషిన్ మీద పెట్టాం. మధ్యలో నాకు టెన్షన్ ఎక్కువైతే ఆయన, ప్రోగ్రామర్లు కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైటు కథ చెప్పాడు. 2018 అక్టోబరులో అమెరికా తూర్పు తీరంలో వాళ్ల నెట్‌వర్క్ లింకు 43 సెకన్లు తెగింది. ఆ కాస్త వ్యవధిలోనే డేటాబేస్ నాయకత్వం పశ్చిమ తీరానికి మారిపోయింది. ఇటు కొన్ని, అటు కొన్ని రాతలు మిగిలాయి. అంతా సర్దుకోవడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. డేటా ముఖ్యం అనుకుని వాళ్లు తొందరపడలేదట. అది విన్నాక మా సూపరింటెండెంట్ గారిని ఇంకాస్త టైమ్ అడగడానికి ధైర్యం వచ్చింది. అడగ్గానే ఇచ్చి, కౌంటర్ దగ్గర పేషెంట్లకు స్వయంగా సర్దిచెప్పిన ఆయనకు కూడా కృతజ్ఞతలు.

హైదరాబాద్‌లో డీబీఏగా (డేటాబేస్‌లు చూసుకునే ఉద్యోగం) చేస్తున్న అక్క లేకపోతే మాత్రం మేం ఇంకో గోతిలో పడేవాళ్లం. తక్కువ డేటా ఉన్న వైపు నుంచి కొత్త రికార్డులు తీసి ఎక్కువ ఉన్న వైపు కలిపేస్తే సరిపోతుంది కదా అనుకున్నాం. ఆమె రెండు డంపులూ చూసి, "సీక్వెన్సులు చూశారా?" అంది. సీక్వెన్సంటే డేటాబేస్ వరుసగా నంబర్లు ఇచ్చే లెక్క. చీలిన క్షణం నుంచి రెండు సర్వర్లూ దాదాపు ఒకే నంబరు దగ్గర మొదలుపెట్టి, విడివిడిగా ఆ లెక్క పెంచుకుంటూ పోయాయి. అంటే ఒకే శాంపిల్ నంబరు ఇద్దరు మనుషులకు పడింది. ఒక నంబరు కింద ఇటు థైరాయిడ్ పరీక్షకు వచ్చిన అమ్మాయి ఉంటే, అటు క్రియాటినిన్ చూపించుకోవడానికి వచ్చిన పెద్దాయన ఉన్నాడు. ఆయన కిడ్నీ రిపోర్టు ఆ అమ్మాయి పేరు మీద వెళ్తే ఏమయ్యేదో మీరే ఆలోచించండి. రెండో వైపు కొత్త నంబర్లన్నిటికీ పది లక్షలు కలిపి, బిల్లుల్లోనూ ఫలితాల్లోనూ ఆ నంబర్లు వాడిన ప్రతిచోటా అలాగే మార్చే స్క్రిప్టు అక్కే రాసిచ్చింది. ముందు కాపీ మీద నడిపించి, లెక్కలు సరిపోయాకే అసలు దాని మీద నడపనిచ్చింది.

ఫ్రిజ్‌లో ఉన్న ట్యూబుల సంగతి తేల్చింది మా ల్యాబ్ టెక్నీషియన్లు. కంప్యూటర్ వచ్చాక కూడా వాళ్ల సీనియర్ మేడం ఒక పొడుగు రిజిస్టరు రాయడం మానలేదు. నంబరు, పేరు, రక్తం తీసిన టైమ్, తీసినవాళ్ల పొట్టి సంతకం అన్నీ అందులో ఉన్నాయి. ఆ రిజిస్టరు పక్కన పెట్టుకుని, ట్యూబు మీది పేరుతో ఒక్కొక్కటీ పోల్చి కొత్త స్టిక్కర్లు అంటించారు. ఆ రిజిస్టరు దండగని ఇదివరకు మీటింగుల్లో అన్నవాళ్లు ఇప్పుడు మేడంకి దండం పెడుతున్నారు.

ఇదంతా అయ్యాకే కేబుల్ కలిపాం. రెండో సర్వర్‌లో ఉన్నది వదిలెయ్యమని మేమే చేత్తో కమాండ్ ఇచ్చాం. ఏయే బ్లాకులు మారాయో డీఆర్‌బీడీ గుర్తు పెట్టుకుంటుంది కాబట్టి మొత్తం డిస్కు కాకుండా తేడా ఉన్నంతవరకే కాపీ అయింది.

ఈలోగా ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) కంపెనీ నుంచి ఒకాయన కొరోసింక్ టోకెన్ టైమౌట్, అంటే అవతలి సర్వర్ జవాబు కోసం ఆగే టైమ్, పెంచితే సరిపోతుందని మెయిల్ పెట్టాడు. చచ్చిన పోర్టు కోసం ఎంతసేపు ఎదురుచూసినా ఏం లాభం?

మళ్లీ ఇలా కాకుండా చెయ్యడంలో బెంగళూరులో ఉన్న మా కాలేజీ జూనియర్ శని, ఆదివారాలు మాకే ఇచ్చేశాడు. ఫెన్సింగ్ పెట్టాడు. ఇప్పుడు ఒక సర్వర్ అవతలిదాని బీఎంసీకి (సర్వర్‌లోనే ఉండి దాన్ని ఆన్, ఆఫ్ చెయ్యగల చిన్న కంట్రోలర్) ఐపీఎంఐ అనే పద్ధతిలో చెప్పి ఆ సర్వర్‌ను రీసెట్ చేయిస్తుంది. రెండూ ఒకేసారి ఒకదాన్నొకటి రీసెట్ చేసుకోకుండా ఒకవైపు కొద్దిసెకన్ల ఆలస్యం పెట్టాడు. కొరోసింక్‌కి ఆసుపత్రి నెట్‌వర్క్ మీదుగా రెండో దారి ఇచ్చాడు. అకౌంట్స్ బిల్డింగ్‌లో మూల పడి ఉన్న పాత డెస్క్‌టాప్‌ను క్యూడివైస్‌గా (ఓటు మాత్రమే వేసే మెషిన్‌గా) మార్చి మూడో ఓటు దానికిచ్చాడు. డీఆర్‌బీడీ కాపీ లింకు తెగితే డేటాలో వెనకబడిన నోడ్ ప్రైమరీ (డేటా రాసేది) కాకుండా కూడా అడ్డు కట్టాడు.

మా ఎలక్ట్రీషియన్ బాబాయికి ప్రత్యేకంగా చెప్పాలి. ఒక్కో సర్వర్‌కి రెండేసి పవర్ సప్లైలున్నాయి. ఆ వైర్లు నాలుగూ ఒకే యూపీఎస్‌లోకి వెళ్తున్నాయని ర్యాక్ వెనక దూరి కనిపెట్టింది ఆయనే. సర్వర్‌కి కరెంటు పూర్తిగా పోతే దాని బీఎంసీ కూడా పోతుంది. అప్పుడు ఫెన్సింగ్ కమాండ్‌కి జవాబిచ్చేది ఉండదు. అవతలిది నిజంగా పడిపోయిందో లేదో తేలక క్లస్టర్ అలాగే ఆగిపోతుంది. ఆయన సాయంత్రానికల్లా రెండో యూపీఎస్ నుంచి లైను లాగి వైర్లు విడగొట్టాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఓపీ లేని టైమ్ చూసి పరీక్ష పెట్టాం. "ఇఫ్‌డౌన్ (పోర్టును ఆపే కమాండ్) కొట్టి టెస్ట్ అయిందనుకోవద్దు, కేబుల్ పీకు" అని డల్లాస్ అన్న ముందే చెప్పాడు. మొదటి కేబుల్ పీకాం, డేటాబేస్ కదల్లేదు. రెండో సర్వర్‌కి ఉన్న ఆసుపత్రి నెట్‌వర్క్ వైరు కూడా పీకాం, బీఎంసీది మాత్రం ముట్టుకోలేదు. కాసేపటికి దాని స్క్రీన్ నల్లబడింది, ఫ్యాన్లు ఒక్కసారి గట్టిగా తిరిగాయి, కంపెనీ లోగో వచ్చింది. మొదటి సర్వర్ మీద బిల్లింగ్ నడుస్తూనే ఉంది. సర్వర్ రూంలో చప్పట్లు కొట్టింది నేను కాదు, బాబాయి.

వియన్నాలో డీఆర్‌బీడీని తయారుచేసిన లిన్‌బిట్ వాళ్లకీ, పేస్‌మేకర్ డాక్యుమెంటేషన్‌ను అంత ఓపిగ్గా రాసి ఉచితంగా పెట్టిన క్లస్టర్‌ల్యాబ్స్ వాళ్లకీ కూడా థ్యాంక్స్. వాళ్లు ఈ తెలుగు పోస్టు చదవరనుకోండి.

బీఎంసీ జవాబివ్వని సందర్భానికి రెండో మెట్టుగా స్విచ్డ్ పీడీయూ (కమాండ్‌తో కరెంటు ఆపగల పవర్ బోర్డు) ఆర్డర్ పెట్టాం, ఇంకా రాలేదు. అది వచ్చాక మళ్లీ కేబుళ్లు పీకుతాం. రెండు నోడ్ల క్లస్టర్ నడుపుతున్నవాళ్లకు మా కాన్ఫిగరేషన్ కావాలంటే అడగండి, పాస్‌వర్డ్‌లు తీసేసి పంపిస్తాను. అక్క రాసిన నంబర్ల స్క్రిప్టు కూడా ఇవ్వమని ఆవిడే చెప్పింది.