ఆ ‘అండ్’ ఎవరు పెట్టమన్నారు?

సంపాదకుల వారికి,

అణు విద్యుత్తులోకి ప్రైవేటు కంపెనీలను రానిచ్చిన ‘శాంతి’ చట్టం మీద చర్చంతా మెగావాట్లు, పెట్టుబడుల చుట్టూనే తిరుగుతోంది. ఆ చట్టంలో ఏ మాట ఎవరు అడిగితే వచ్చింది, ఏది ఎవరు అడిగితే పోయింది అన్న ప్రశ్న మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. ఇటు కల్పాక్కం అణు కేంద్రం, అటు సొంతూళ్ల వైపు కొవ్వాడలో తలపెట్టిన అణు కేంద్రం పెట్టుకున్న చెన్నై తెలుగువాళ్లకు ఇది పట్టని సంగతి కాదు.

2010 ఆగస్టు నాటి ముచ్చట ఒకటి ఉంది. అణు నష్ట పౌర బాధ్యత బిల్లు టి.సుబ్బరామిరెడ్డి అధ్యక్షుడిగా ఉన్న పార్లమెంటు స్థాయీ సంఘానికి వెళ్లింది. ప్రమాదం జరిగి పరిహారం కట్టిన ఆపరేటరు, అంటే అణు కేంద్రం నడిపే సంస్థ, ఆ డబ్బును రియాక్టరు అమ్మినవాడి దగ్గర ఎప్పుడు రాబట్టుకోవచ్చో చెప్పేది 17వ క్లాజు. (ఎ) ఒప్పందంలో రాసుకుని ఉంటే. (బి) సరఫరాదారు తప్పు వల్ల ప్రమాదం జరిగితే. సంఘం నివేదిక వచ్చేసరికి (ఎ) చివర ‘అండ్’ అనే చిన్న మాట చేరింది. అంటే సరుకులో లోపం తేలినా, ఒప్పందంలో ఆ షరతు లేకపోతే అమ్మినవాడి జోలికి వెళ్లే వీల్లేదు. అలాంటి షరతుకు ఏ అమ్మకందారు ఒప్పుకుంటాడు? ప్రతిపక్షాలు పట్టుకున్నాక ‘అండ్’ పోయింది. ఆ వెంటనే ‘ఉద్దేశపూర్వకంగా’ అనే మెలిక (బి)లో దూరింది, అంటే సరఫరాదారు కావాలనే చేశాడని తేలాలి. అదీ పోయాకే ఆగస్టు 25న బిల్లు లోక్‌సభ దాటింది. జూన్‌లో వచ్చిన భోపాల్ గ్యాస్ కేసు తీర్పు వేడి చల్లారక ముందు కాబట్టి ఒక్కో మాటనూ భూతద్దం పెట్టి చూశారు.

ఆ చట్టం కింద 2011లో చేసిన నియమాల్లో, డబ్బు రాబట్టుకునే ఆ హక్కుకు సగం కత్తెర పడింది. రాబట్టే మొత్తానికీ, అడిగే గడువుకూ పరిమితి పెట్టారు. మిగతా సగం 2025 డిసెంబరులో పోయింది. 15న ప్రవేశపెట్టిన ‘శాంతి’ బిల్లు 17న లోక్‌సభను, 18న రాజ్యసభను దాటేసింది. సంఘానికి పంపమన్న ప్రతిపక్షం మాట చెల్లలేదు. ఇప్పుడు ఒప్పందంలో రాసుకుంటేనో, ఎవరైనా కావాలని చేశారని తేలితేనో తప్ప సరఫరాదారును అడిగే దారి లేదు. పదిహేనేళ్ల కింద రెండు అక్షరాలతో కాని పని ఇప్పుడు (బి) క్లాజు ఎత్తివేతతో అయింది. విదేశీ కంపెనీలకు ఆ క్లాజు గిట్టదన్నది బహిరంగమే. ఏ తేదీన, ఎవరు, ఎవరిని కలిసి ఏ మాట మార్చమన్నారో చూపే రిజిస్టరే మన దగ్గర లేదు.

ఎవరి డబ్బు ఎవరికి చేరిందో దాచుకోనిస్తే ఏమవుతుందో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం చూపించింది. అక్కడ ఒకసారి స్పీకరుగా చేసి దిగిపోయిన లారీ హౌస్‌హోల్డర్ మళ్లీ గెలిచి 2017లో సభకు వచ్చాడు. ఆ ఏడాదే ‘జనరేషన్ నౌ’ అనే సంస్థ పుట్టింది. కాగితం మీద అది సమాజ సేవ, దాతల పేర్లు చెప్పనక్కర్లేదు. ఫస్ట్‌ఎనర్జీ అనే విద్యుత్ కంపెనీ వైపు నుంచి అందులోకి దాదాపు 6 కోట్ల డాలర్లు చేరాయి. ఆ డబ్బుతో తనవాళ్లను గెలిపించుకుని 2019 జనవరిలో స్పీకరయ్యాడు, జులైకల్లా రెండు అణు కేంద్రాలకు 100 కోట్ల డాలర్లకు పైగా రాయితీ ఇచ్చే చట్టం వచ్చింది. అందుకు ఇళ్ల కరెంటు బిల్లు మీద నెలకు 85 సెంట్ల అదనపు వడ్డన. ఇంత చిన్న మొత్తమైతే ఎవరూ బిల్లు తిప్పి చూడరు, కిటుకంతా అక్కడే! ఆ రాష్ట్ర విద్యుత్ నియంత్రణ సంఘానికి ఛైర్మన్ కాబోతున్న వ్యక్తికి ముందుగానే 43 లక్షల డాలర్లు ముట్టజెప్పినట్టు కంపెనీయే తర్వాత ఒప్పుకుంది. హౌస్‌హోల్డర్‌కు 2023లో 20 ఏళ్ల జైలు పడింది.

ఆ చట్టం రాయితీ ప్రకటించిన రెండు అణు కేంద్రాల్లో ఒకటి డేవిస్-బెస్సీ. 2002లో అక్కడ నాజిల్ పగుళ్లలోంచి కారిన బోరిక్ యాసిడ్ ఆరంగుళాలకు పైగా మందమున్న రియాక్టరు మూత ఉక్కును తినేసింది. లోపలి పల్చటి స్టెయిన్‌లెస్ స్టీల్ పొర ఒక్కటే మిగిలింది. అంతకు కొద్ది నెలల ముందే తనిఖీ వాయిదా వేయమని కంపెనీ అడిగితే అమెరికా అణు నియంత్రణ సంస్థ సరేనంది. పగిలే లోహం ఎవరిది, చూడని కన్ను ఎవరిది అని తేల్చే హక్కునే మన కొత్త చట్టం కుదించింది.

అమెరికాలో లాబీయిస్టులు, అంటే కంపెనీల తరఫున ప్రభుత్వం దగ్గర పనులు చక్కబెట్టేవాళ్లు, మూడు నెలలకోసారి ఖర్చు చెప్పాలి. వాల్‌మార్ట్ మన దేశంలో ప్రవేశం కోసం చేసిన లాబీయింగ్ సంగతి 2012లో మనకు తెలిసింది ఆ లెక్కల వల్లే. అయితే దాతల పేర్లు దాచుకోనిస్తే రిజిస్టరు ఒక్కటీ సరిపోదని ఒహాయో నేర్పింది. మన దగ్గర లాబీయింగ్ వెల్లడి కోసం 2013లో ఒక ప్రైవేటు మెంబరు బిల్లు వచ్చింది, అది చట్టం కాలేదు.

కావలసింది పెద్దదేమీ కాదు. మంత్రి, అణుశక్తి విభాగం, స్థాయీ సంఘం సభ్యులు రియాక్టరు కంపెనీలనో వాటి దూతలనో కలిసిన ప్రతిసారీ తేదీ, పేరు, ఎవరి తరఫున, ఏ క్లాజు గురించి అన్న నాలుగు గడులు నింపి నెలలోగా బయట పెట్టాలి. డిజైన్ డ్రాయింగులు దాచుకోవడం అర్థమవుతుంది, సమావేశం తేదీలో దాచడానికేముంది? విభాగం నుంచి రిటైరైనవాళ్లు వెంటనే అదే కంపెనీలకు సలహాదారులుగా చేరకుండా విరామం ఉండాలి.

మీ పత్రికకు ఒక మనవి. రాజ్యసభ 293వ నిబంధన కింద సభ్యుల ఆర్థిక ప్రయోజనాల రిజిస్టరు ఉంది. జీతమొచ్చే డైరెక్టరు పదవులు, కంపెనీ మీద పట్టునిచ్చే వాటాలు, కన్సల్టెన్సీలు అందులో రాయాలి. లోక్‌సభకు అలాంటిది లేదు. 10 రూపాయల ఆర్టీఐ దరఖాస్తుతో తెలుగు రాష్ట్రాల, తమిళనాడు సభ్యుల పేజీలు తెప్పించి, కొవ్వాడ వార్త వేసిన రోజున పక్కనే అచ్చు వేయండి.

– ఒక పాఠకుడు, చెన్నై