గోడ ఆరేదాకా ఆగమ్మా

అంబాజీపేట,
ధనుర్మాసం, ఆదివారం.

చి. ల. సౌ. భారతికి నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నాన్నమ్మ తెల్లవారుజామునే లేచి తిరుప్పావై పెడుతోంది, దాంతో ఇల్లంతా లేవక తప్పడం లేదు. అమ్మ మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి. పెరట్లో కొబ్బరి దింపించాం. నీకు ఉత్తరం రాసి చాలా కాలమైంది కదా అని రాస్తున్నాను, ప్రత్యేకంగా కారణం ఏమీ లేదు.

మొన్న కొబ్బరి మార్కెట్ దగ్గర సూరిబాబు కనిపించాడు. హైదరాబాదులో బస్సులోంచి నిన్ను చూశాడట. పిలిచాడట గాని నీకు వినిపించలేదట. ఇంకా ఏదో కూడా అన్నాడు. వాడు చిన్నప్పటి నుంచీ ఒకటి చూసి నాలుగు చెప్పే మనిషి, వాడి మాట పట్టించుకోనక్కరలేదు. నువ్వు వేళకు తింటున్నావా?

మన ఊళ్ళో దేవుణ్ణి ఊరేగించే ప్రభ పని మొదలైంది. తాటి దూలాలు సిద్ధంగా ఉన్నాయి. వెదురు మాత్రం ఈసారి ముదురుది వచ్చింది, వంచితే చిట్లుతోంది. కాలవలో బాగా నాననివ్వమన్నాను. కుర్రాళ్ళకు తొందర ఎక్కువ. నూలు దారాలు చుట్టడం ఎందుకు, మెరుపు కాగితం అంటించేద్దాం అంటున్నారు. నువ్వు లంగా ఓణీ వేసుకునే వయసులో దారం వరస ఒక్కటి తప్పితే మొత్తం విప్పి మళ్ళీ చుట్టేదానివి. ఆ సంగతి వాళ్ళకు చెప్పాను. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ప్రభలు కనిపిస్తే నాన్నమ్మ టీవీకి దండం పెట్టింది, గుర్తుందా? కనుమ నాడు జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ళ రుద్రులూ ప్రభల మీద వస్తారు. గంగలకుర్రు, అగ్రహారం ప్రభలు ఎగువ కౌశిక కాలవలో దిగేటప్పుడు నువ్వు నా భుజం మీద కూర్చుని కళ్ళు మూసుకునేదానివి. ప్రభ ఒరిగిపోతుందని నీ భయం. మోసేవాళ్ళను కాదు, తాళ్ళు పట్టుకున్నవాళ్ళను చూడమ్మా అని చెప్పేవాణ్ణి.

అవునుగాని, నువ్వు గోడ బొమ్మలు వేసే పరంజాకు తాళ్ళు ఎవరు కడుతున్నారు? కాంట్రాక్టరు మనుషులే కడితే పొద్దున్నే ఎక్కేముందు ప్రతి ముడీ నువ్వే చేత్తో లాగి చూసుకోవాలి. రాత్రి మంచుకు తడిసిన తాడు మధ్యాహ్నం ఎండకు వదులవుతుంది. ఇనప గొట్టాలైతే కింద మట్టి కుంగిందేమో చూడాలి. నడుముకు బెల్టు పెట్టుకోమని చెప్పాను, పెట్టుకుంటున్నావో లేదో. పైన ఉన్నప్పుడు బొమ్మ ఎలా వచ్చిందో చూద్దామని వెనక్కి అడుగు వేసే అలవాటు నీకుంది. ఇంట్లో వరండా గోడకు గీసేటప్పుడు కూడా అలాగే వెనక్కి నడిచి తులసికోటకు తగిలావు. బొమ్మ చూడాలంటే కిందికి దిగి, రోడ్డు అవతలికి వెళ్ళి చూడు. బద్ధకించకు.

అమ్మ మళ్ళీ లేసు సూది పట్టింది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిన దగ్గర నుంచి పిన్నికి ఉత్సాహం పెరిగింది. సఖినేటిపల్లి పంటు మీద గోదావరి దాటి ఎవరు వస్తున్నా వాళ్ళ చేతికి దారం ఉండలు ఇచ్చి పంపుతోంది. బల్ల మీద పరిచే గుడ్డ ఒకటి అల్లుతోంది అమ్మ, మధ్యలో పువ్వు, చుట్టూ నెమలికన్నులు. అల్లుతూ అల్లుతూ ఆగి మణికట్టు తిప్పి చూసుకుంటుంది. నిన్న రాత్రి, "ఈ నొప్పి నా పిల్లకు రాకూడదు" అంది. సూరిబాబు అన్న మాట నేను ఆమెకు చెప్పలేదు. నువ్వు కూడా ఫోనులో ఎత్తవద్దు.

కార్తీకం ముందు ఫోను చేసినప్పుడు కొత్త గోడ సంగతి చెప్పావు కదా. ప్లాస్టరింగ్ అయిపోయింది, వెంటనే మొదలుపెట్టమంటున్నారు అన్నావు. సిమెంటు పని అయ్యాక 28 రోజులు ఆగాలని నీకు నేను చెప్పాలా? నీళ్ళు కట్టినన్నాళ్ళు కడతారు, తర్వాత లోపలి తేమ మెల్లగా బయటికి వస్తుంది, వస్తూ వస్తూ ఉప్పును మోసుకొస్తుంది. పైన రంగు వేసి మూసేస్తే ఆ ఉప్పు రంగును పొక్కులుగా లేపుతుంది. పచ్చి సిమెంటులో ఉన్న ఘాటుకు కొన్ని నీలి రంగులు విరిగిపోతాయి. గోడకు చెయ్యి ఆనించి పొడిగా ఉందనుకోకూడదు. ఒక పాలిథీన్ ముక్క నాలుగు వైపులా టేపు వేసి అంటించి, మర్నాడు తీసి చూడు. లోపలి వైపు నీటి చెమ్మ కనిపిస్తే ఇంకా ఆగాలి. మన కోనసీమలో గునపం దించితే నీళ్ళు, సముద్రపు గాలి ఒకటి. ఇక్కడ గోడలు పునాది నుంచే నీళ్ళు తాగుతాయి. మీ తాతయ్య వాటితోనే బతికారు. హైదరాబాదులో నేల రాయి కాబట్టి నీకు ఆ బాధ తక్కువే, అయినా వానాకాలంలో కట్టిన గోడను నమ్మకూడదు.

సత్యం బాబాయి సంగతి నీకు సగమే తెలుసు. మిగతా సగం ఇప్పుడు చెబుతాను, ఊరికే గుర్తొచ్చింది కాబట్టి.

1986 వరదలకు గోదావరి లంకలో రామాలయం నడుం లోతు మునిగింది. నీళ్ళు తీశాక ఊరివాళ్ళు గోడలు గీకించి కొత్తగా ప్లాస్టరింగ్ చేయించారు. వచ్చే శ్రీరామనవమికి గోడంతా పట్టాభిషేకం ఉండాలి అని తాతయ్యకు తాంబూలం ఇచ్చారు. ఆయన వెళ్ళి గోడకు చెంప ఆనించి చూశారు. ఏమీ మాట్లాడకుండా ఒక మూల అరచేతి వెడల్పున జాజు రంగు పూసి వచ్చేశారు. కొన్నాళ్ళకు పెద్దలను పిలిచి చూపిస్తే ఆ ఎరుపు మీద తెల్లటి నూగు లేచి ఉంది. గోడ ఉప్పు కక్కుతోంది, నవమికి కాదు, ఎండాకాలం వెళ్ళాక వేస్తానన్నారు. వాళ్ళు కోప్పడ్డారు. అడ్వాన్సు వెనక్కి ఇమ్మన్నారు కూడా. ఆయన కదల్లేదు.

ఆ నెలలన్నీ మా ఇంట్లో కాగితాల పని. పాత పేపర్లు అంబలితో అతికించి గోడంత చేసి, దాని మీద బొగ్గుతో బొమ్మ వేసేవారు. తర్వాత ఆ కాగితాన్ని మడతపెట్టిన దుప్పటి మీద పరిచి, గీత వెంబడే సూదితో బెజ్జాలు పొడవాలి. అది నాకూ బాబాయికీ అప్పగించారు. బెజ్జానికీ బెజ్జానికీ మధ్య వడ్లగింజ పట్టేంత ఎడం ఉండాలి, అంతకు మించితే తాతయ్య ఒప్పుకునేవారు కాదు. పొడిచాక కాగితం తిరగేసి, లేచిన అంచులు ఇసక కాగితంతో మెల్లగా రుద్దాలి. రోహిణీ కార్తె ఎండలు కాశాక గోడ ఎక్కాం. కాగితం గోడకు ఆనించి, పల్చటి గుడ్డలో బొగ్గు పొడి మూటకట్టి తట్టుకుంటూ పోతే చుక్కలు దిగుతాయి. కాగితం తీయగానే రాముడు, సీతమ్మ, లక్ష్మణుడు, హనుమ చుక్కల్లో నిలబడ్డారు. ఊరి ఆడవాళ్ళు అప్పుడే హారతి ఇచ్చారు. రంగు ఇంకా పడలేదు చూడు, అయినా ఇచ్చారు.

చుక్కల మీద గీత లాగేవాడు బాబాయి. అంత గీత నాకు రాలేదు, తాతయ్యకు కూడా ఆ వయసుకు చెయ్యి కాస్త వణికేది. బాబాయి ఊపిరి బిగబట్టి, భుజం దగ్గర నుంచి కదిపి, ధనుస్సు ఈ కొన నుంచి ఆ కొన దాకా ఒక్క తీతలో లాగాడు. అలాంటి చెయ్యి వాడిది. ఆషాఢంలో పరంజా కొబ్బరి తాడు ముడి జారింది. పడుతూ పడుతూ కుడిచెయ్యి నేలకు ఆన్చాడు. మణికట్టు దగ్గర ఎముక చిట్లింది. కట్టు కట్టి, నెలన్నర దాకా విప్పవద్దు, బరువు ఎత్తవద్దు అన్నారు. కొన్నాళ్ళకే వాపు తీసింది. వేళ్ళు కదుపుతున్నాను కదా, నొప్పి లేదు కదా అన్నాడు. కళ్ళు ఎప్పుడూ చివరనే వేస్తాం. అందరి కళ్ళూ మిగిలిపోయాయి. తాతయ్య ఎంత వారించినా వినకుండా, ఆయన పొలం వైపు వెళ్ళినప్పుడు కట్టు కత్తిరించుకుని లంకకు పడవెక్కేశాడు. సాయంత్రానికి కళ్ళన్నీ వేసి వచ్చాడు. ఆ రాత్రి చెయ్యి మోచేతి దాకా వాచింది.

ఎముక వంకరగా అతికింది. ఆ తర్వాత వాడు జానెడు గీత లాగలేకపోయాడు. కొబ్బరి కొట్లో లెక్కలు రాశాడు జీవితమంతా. ఆ రామాలయానికి మొన్న వెళ్ళాను. రంగు ఇప్పటికీ గట్టిగా ఉంది, తాతయ్య ఆగినందుకు. సీతమ్మ ఎడమ కనుబొమ్మ దగ్గర మాత్రం గీత ఆగి, కాస్త పక్కన మళ్ళీ మొదలవుతుంది. పూజారికి కూడా తెలియదు, మనకు తెలుస్తుంది. గోడ కోసం నెలలు ఆగిన ఇంట్లో ఎముక కోసం కొన్ని వారాలు ఆగలేకపోయాడమ్మా. రెండూ ఆరాల్సినవే కదా.

సూరిబాబు ఏమన్నాడంటే, నీ కుడిచేతికి కట్టు ఉంది అన్నాడు.

నువ్వు రోజూ ఫోనులో "బాగున్నాను నాన్నా" అని మెసేజీ పెడుతున్నావు. ఆ రెండు మాటలే. ఇదివరకు రోజుకో బొమ్మ పంపేదానివి, కార్తీకం తర్వాత ఒక్కటీ లేదు. అడిగితే పని ఎక్కువగా ఉంది అంటావు. వీడియో కాల్ చేస్తే ముఖం ఒక్కటే చూపిస్తున్నావు. నేను తప్పుపట్టడం లేదు. ఈ పని మానేయమని కూడా అనడం లేదు. ఫ్లెక్సీలు వచ్చి మన వీధిలో అందరూ కుంచెలు అటక మీద పెట్టిన రోజుల్లోనే నీకు ఈ పని నేర్పాను, ఇప్పుడెందుకు వద్దంటాను? అడ్వాన్సు తిరిగి ఇవ్వాల్సి వస్తే మొహమాటపడకుండా చెప్పు. కొబ్బరి డబ్బు చేతిలోనే ఉంది. గోడ ఎక్కడికీ పోదు, పోతే ఇంకో గోడ వస్తుంది.

నిన్ను రాజమండ్రిలో దామెర్ల రామారావు గారి చిత్రశాలకు తీసుకెళ్ళినప్పుడు నువ్వు బొమ్మల కన్నా కింద రాసిన సంవత్సరాలే ఎక్కువ సేపు చదివావు. 1897లో పుట్టి 1925లో మశూచితో పోయారు, 28 నిండలేదు. ఇంకెన్ని వేసేవారో కదా నాన్నా అన్నావు. ఈ మధ్య ఆ మాట తరచుగా గుర్తొస్తోంది. ఒంటిని చూసుకోవాలి.

చెయ్యి ఖాళీగా ఉంచలేకపోతే నీ కాగితం గుజ్జు బొమ్మలు ఉన్నాయి, అవి కూడా ఎడమ చేత్తో కలుపుకో. రుబ్బడం, పిండడం మాత్రం ఎవరితోనైనా చేయించు. గుజ్జులో మెంతిపిండి మరీ ఎక్కువ వేయకు, ఆరేటప్పుడు పగుళ్ళు వస్తాయి. చింతపిక్కల జిగురు ఏ రోజుకు ఆ రోజు కాచుకో. పురుగు పట్టకుండా మేము చిటికెడు మైలుతుత్తం వేసేవాళ్ళం, నువ్వు వేస్తే సబ్బుతో చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టుకోకు. ముసుగుల లోపలి వైపు కూడా ఆరాకే రంగు వెయ్యి. నీడలో ఆరనివ్వు, ఎండలో పెడితే మూతి వంకరపోతుంది.

రేపు రాత్రి బస్సులో ఒక పార్సిల్ వేస్తున్నాను. సున్నుండలు, పూతరేకులు, పెరటి అరటిపళ్ళు. నల్లేరు పచ్చడి కూడా ఉంది. నా మోకాళ్ళకనుకుని అమ్మ నల్లేరు దంచింది, సగం నీకు తీసి కట్టాను. రోజూ మొదటి ముద్దలో తప్పకుండా తిను, నోరు దురదపెడితే కాస్త నెయ్యి వేసుకో.

నువ్వు నాకు ఒక పని చేసి పెట్టు. ఒక కాగితం మీద కుడిచేత్తో నాలుగు మాటలు రాసి పోస్టు చెయ్యి. అడుగున స్కేలు లేకుండా ఒక గీత లాగు, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. రాయలేకపోతే ఎడమ చేత్తోనే రాయి, దాచకు. డాక్టరు తీసిన ఎక్స్‌రే ఉంటే దాన్ని ఫోటో తీసి నా నంబరుకే పంపు, అమ్మ నంబరుకు వద్దు.

పండగకు టికెట్ తీసుకున్నావా? బస్సులో కిటికీ పక్కన, కుడి వైపు వరసలో కూర్చో, నడిచేవాళ్ళు చేతికి తగలకుండా ఉంటారు. రావులపాలెంలో దిగు, ఎంత పొద్దున్నయినా నేను ఉంటాను. సంచి నువ్వు దించుకోకు, క్లీనరును దించమను.

ఇట్లు,
నాన్న