ఫారోల రొట్టెలో ఇసుక

సంపాదకులకు నమస్కారం.

ఈజిప్టు అనగానే పత్రికల్లో పిరమిడ్లు, మమ్మీలు, బంగారు ముసుగులే కనిపిస్తాయి. అక్కడి మామూలు జనం ఏం తిన్నారో, ఎంత శుభ్రంగా ఉన్నారో కూడా రాయండి. రొట్టె, బీరు, ఉల్లిపాయలు, నైలు చేపలు వాళ్ల రోజువారీ తిండి. ఫారోల, అంటే అక్కడి రాజుల, సమాధులు తొలిచిన దేర్ ఎల్ మెదీనా అనే ఊరి పనివాళ్లకు జీతం ధాన్యమే. వాళ్ల బట్టలు ఉతకడానికి ప్రభుత్వమే మనుషుల్ని పెట్టింది! పూజారులు పగలు రెండుసార్లు, రాత్రి రెండుసార్లు చన్నీళ్ల స్నానం చేసేవారని, రోజు విడిచి రోజు ఒళ్లంతా గొరిగించుకునేవారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు.

ఇంత శుభ్రత ఉన్నా పళ్లు మాత్రం దక్కలేదు. పిండి నూరే రాళ్ల పొడి, ఎడారి ఇసుక రొట్టెలో కలిసిపోయేవి. అది నమిలి నమిలి పళ్లు లోపలి గుజ్జు బయటపడేంతగా అరిగిపోయేవి, చిగుళ్లకు చీము పట్టేది. రెండో రామ్సెస్ మమ్మీ దవడలోనూ ఆ గుర్తులున్నాయి. అంతటి చక్రవర్తి కూడా పంటి నొప్పితో అల్లాడి ఉంటాడంటే నాకు జాలేసింది. చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరిన మా తరానికి ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది.

పిల్లల పేజీలో బొమ్మలతో ఇలాంటివి వేయండి. మా బడిలో చదివి వినిపిస్తాను.

– ఒక సోషల్ టీచర్, ఏలూరు