బిల్లు తెర మీది గడి

విశాఖపట్నం

చిరంజీవి లావణ్యకు నాన్న దీవించి రాయునది.

మొన్న ఆదివారం ఫోనులో నువ్వు, "ఒక్క నంబరే కదా నాన్నా, దానికింత రాద్ధాంతం ఎందుకు?" అని నవ్వేశావు. నా కోపం అప్పటికింకా చల్లారలేదు కనుక నీకు సరైన జవాబు చెప్పలేకపోయాను. నువ్వు హైదరాబాదులో దుకాణాల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే చోట పనిచేస్తున్నావు కాబట్టి, ఇది ఫోనులో తేల్చేసే మాట కాదనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

జరిగినది నీకు సగమే తెలుసు. ద్వారకానగర్‌లో ఒక పెద్ద దుకాణంలో రెండు దుప్పట్లు తీసుకుని, నోట్లు చేత పట్టుకుని బిల్లు కౌంటరు దగ్గర నిలబడ్డాను. అక్కడి కుర్రవాడు ఫోన్ నంబరు అడిగాడు. ఎందుకని అడిగితే, "నంబరు కొట్టకపోతే సిస్టమ్ ముందుకు వెళ్ళదు సార్" అన్నాడు. వెనక వరుసలోని వాళ్ళు విసుక్కోవడం మొదలుపెట్టేసరికి మీ అమ్మ తన నంబరు గబగబా చెప్పేసింది. మర్నాటి నుంచి ఆ దుకాణం మెసేజీలు, వారం తిరక్కుండానే భోగాపురం దగ్గర ప్లాట్లున్నాయంటూ ఎవరెవరివో ఫోన్లు. ఆ ఫోన్లకూ ఆ దుకాణానికీ సంబంధం ఉందని నేను రుజువు చేయలేను. మన నంబరు ఒకసారి ఆ తెరలోకి వెళ్ళాక ఏ చేతి నుంచి ఏ చేతికి మారిందో మనకు కనిపించదు. దుకాణం వాళ్ళకు మాత్రం అంతా కనిపిస్తుంది.

ఇలాంటి వ్యవహారమే అమెరికాలో కోర్టుకెక్కిన సంగతి చదివాను. కాలిఫోర్నియాలో విలియమ్స్-సోనోమా అనే గృహోపకరణాల దుకాణంలో ఒకావిడ క్రెడిట్ కార్డుతో డబ్బు కడుతుంటే, కౌంటరులో ఆమె జిప్ కోడ్ అడిగారు. అది మన పిన్‌కోడ్ వంటిదే, అయిదంకెలు. అది చెప్పకపోతే కొనుగోలు పూర్తికాదేమోననుకుని ఆమె చెప్పింది. పేరు ఎలాగూ కార్డు మీద ఉంది. ఆ రెండూ కలిపి, లక్షలాది మంది పేర్లూ చిరునామాలూ ఉన్న జాబితాలలో వెతికే సాఫ్ట్‌వేర్‌తో ఆమె ఇంటి చిరునామా పట్టుకున్నారన్నది ఆమె ఫిర్యాదు. అక్కడి 1971 నాటి క్రెడిట్ కార్డు చట్టంలో తరువాత చేర్చిన ఒక సెక్షన్ ప్రకారం, కార్డు తీసుకోవడానికి షరతుగా కొనుగోలుదారు వ్యక్తిగత వివరాలు అడిగి నమోదు చేయడం నిషేధం. జిప్ కోడ్ ఒక ప్రాంతమంతటికీ చెందినది కనుక అది వ్యక్తిగతం కాదని కింది కోర్టులు రెండూ ఆమె వాదనను తోసిపుచ్చాయి. 2011 ఫిబ్రవరిలో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ ఏకాభిప్రాయంతో ఆ తీర్పును తిరగరాశారు: చిరునామా వ్యక్తిగతమైతే అందులో భాగమైన జిప్ కోడ్ కూడా వ్యక్తిగతమే. జరిమానా మొదటి తప్పుకు 250 డాలర్ల వరకు, ఆ తరువాతి ఒక్కొక్క తప్పుకు 1,000 డాలర్ల వరకు ఉండడంతో, చాలామంది తరఫున ఒకరు వేసే సామూహిక వ్యాజ్యాలు మిగతా దుకాణాల మీదా వరుసగా వచ్చాయి. 2013 మార్చిలో మసాచుసెట్స్ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం కూడా మైకేల్స్ అనే దుకాణాల సంస్థ మీది కేసులో అదే దారిన నడిచింది. అక్కరలేని ప్రచార ఉత్తరాలు ఇంటికి రావడం, వివరాలను దుకాణం ఇతరులకు అమ్ముకోవడం కూడా కొనుగోలుదారుకు జరిగిన హానేనని చెప్పింది.

అక్కడంతా ధర్మం నాలుగు పాదాల మీద నడుస్తోందని నేననడం లేదు. కాలిఫోర్నియా చట్టం కార్డులకు సంబంధించినది. నాలాగా నోట్లిచ్చి దుప్పట్లు కొన్నవాడికి అది అక్కరకు రాదు. ఆన్‌లైన్‌లో కొని డౌన్‌లోడ్ చేసుకునే వాటికి అది వర్తించదని 2013లో ఆ కాలిఫోర్నియా సుప్రీంకోర్టే, నలుగురు ఒకవైపు ముగ్గురు మరొకవైపుగా చీలి, తేల్చింది. ఇటువంటి వ్యాజ్యాలు రాజీ అయినప్పుడు లాయర్లకు ఫీజు ముడుతుంది, కొనుగోలుదారులకు తరచు కూపన్లు చేతికొస్తాయి. ఆ కూపను వాడుకోవాలంటే మళ్ళీ ఆ దుకాణానికే వెళ్ళాలన్నది వేరే సంగతి.

అయినా ఆ కథలో ఒక్క మాట నన్ను పట్టుకుంది: చెప్పకపోతే కొనుగోలు పూర్తికాదేమోననుకుని చెప్పిందన్నది. మన కౌంటరు కుర్రవాడు అన్నదీ అదే కదా! వాడిది తప్పని నేననను. వాడి ముందున్న తెరలో ఆ గడి నింపితే తప్ప కిందికి కదలదు. ఆ గడిని అలా కట్టింది ఎవరమ్మా?

మన దేశంలో గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఒక్క గొంతుతో చెప్పింది. సరుకు అమ్మడానికి ఫోన్ నంబరు ఇచ్చి తీరాలని పట్టుబట్టవద్దని 2023లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దుకాణాలకు సలహా పంపింది. వినియోగదారు నమ్మి చెప్పిన వివరాలను చట్టం ఒప్పని రీతిలో ఇతరులకు ఇవ్వడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది. ఇక 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు ప్రకటించారు. ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. ఆ చట్టంలోనే ఇచ్చిన ఒక ఉదాహరణ నాకు బాగా నచ్చింది. మందుల దుకాణంలో ఒకావిడ తన వివరాలు తానే ఇచ్చి, డబ్బు ముట్టినట్టు ఫోనుకు సందేశం పంపమంటుంది. దుకాణం ఆ వివరాలను ఆ రసీదు పంపడానికి వాడుకోవచ్చు. పండుగ ఆఫర్లు పంపడానికి ఆవిడ ఒప్పుకున్నట్టు కాదు. ఈ చట్టం కింద జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉన్నా, అది వెళ్ళేది ప్రభుత్వ సంచిత నిధికి; నంబరు పోగొట్టుకున్న మీ అమ్మకు అందులో ఒక్క రూపాయి రాదు. ఇది నాకు లోటుగానే తోచింది.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు. పూర్ణామార్కెట్ దగ్గరి మన కిరాణా కొట్టులో అరువు ఖాతా పుస్తకం ఉండేది గుర్తుందా, ఎర్ర అట్టది? అందులోనూ పేర్లు, వీధులు, ఎవరింట్లో నెలకు ఎన్ని కిలోల బియ్యం వెళతాయన్నది, ఎవరు ఏ తేదీన బాకీ తీరుస్తారన్నది అన్నీ ఉండేవి. నువ్వు ఆరో తరగతిలో ఉండగా ఒక చీటీల కంపెనీ ఏజెంటు వచ్చి, సమయానికి డబ్బు కట్టేవాళ్ళెవరో చూసుకుంటానని ఆ పుస్తకం అడిగాడు. తెలిసినవాడే కదా అని ఇచ్చాను. నాలుగు రోజుల తరువాత పోర్టులో పనిచేసే ఒక పెద్దాయన వచ్చి, "నేను నెల మొదటి వారంలో బాకీ కడతానని ఆ మనిషికెవరు చెప్పారు బాబూ?" అని అడిగాడు. నేను నీళ్ళు నమిలాను. ఆయన గొడవపడలేదు. బాకీ మొత్తం లెక్కకట్టి ఇచ్చి, తన పేరున్న పేజీ తీయించి, తన కళ్ళముందే కొట్టివేయించుకుని వెళ్ళిపోయాడు. తరువాత మన కొట్టు మెట్లెక్కలేదు. అరువు కోసం ఇచ్చిన పేరును అరువుకే వాడాలన్నది ఏ చట్టమూ చదవని ఆయనకు తెలుసు, నాకు తెలియలేదు. కనీసం ఆయన నా పుస్తకం తెరిపించి చూడగలిగాడు. నీ సాఫ్ట్‌వేర్‌లోని పుస్తకాన్ని మీ అమ్మ ఎలా తెరిపించాలి?

అందుకే నిన్నొకటి కోరుతున్నాను. నంబరు గడి ఖాళీగా వదిలినా బిల్లు వచ్చేటట్టు చెయ్యి. చట్టం అడిగేవి వేరు: 50,000 రూపాయలు, ఆ పైన బిల్లయితే జీఎస్టీ నియమాల ప్రకారం పేరు, చిరునామా రాయాలి, 2 లక్షలు దాటితే పాన్ అడగాలి. రెండు దుప్పట్లకు అవేవీ అక్కరలేదు. నంబరు ఇస్తానన్నవాళ్ళకు రసీదు వేరుగా, ఆఫర్లు వేరుగా అడిగి, రెండో దాని పక్కన ముందే టిక్ పెట్టి ఉంచకు. ఎందుకు అడుగుతున్నామో ఆ తెర మీదే తెలుగులో ఉండాలి. మీ మేనేజరు ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో నాకు రాయి, దాపరికం వద్దు.

మీ అమ్మ నంబరు తీసివేయమని ఆ దుకాణానికి కాగితం ఇచ్చి, నకలు మీద తేదీతో సంతకం పెట్టించుకున్నాను. నెలరోజులు చూసి ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. సరుకుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయలు దాటనంతవరకు అక్కడ ఫీజు లేదు. దసరాకు వచ్చేటప్పుడు నీ ల్యాప్‌టాప్‌లో ఆ బిల్లు తెర పెట్టుకుని రా. గడి ఖాళీగా ఉంచి నేనే నొక్కి చూస్తాను.

ఇట్లు,
నాన్న