పోస్టర్ మీద స్టార్ ముఖం చాలు, పిల్లాడి ముఖం వద్దు

ఆంధ్రప్రదేశ్ మహిళా శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను రాయచోటి వైపు ఒక పల్లెలో టీచర్‌ని. పిల్లల సేవా కార్యక్రమాలకు సినిమావాళ్లను, క్రికెటర్లను అంబాసిడర్లుగా పెడుతున్నారు కదా, ఆ విషయంలో మీకు ఒక విన్నపం చేసుకోవాలని రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందట మా ఊరి హాస్టల్‌కి ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున ఒక నటుడు వచ్చారు. పదింటికన్నారు, వచ్చేసరికి రెండు దాటింది. అప్పటిదాకా పిల్లలకు అన్నం పెట్టలేదు. ఆయన వడ్డిస్తుంటే ఫొటో తీయాలట. ఆరో తరగతి పిల్లాడి చేతికి పళ్లెం ఇచ్చి ముందు నిలబెట్టారు. హీరోని అంత దగ్గరగా చూసిన సంబరంలో వాడు నవ్వాడు. "నవ్వకు నాన్నా, కొంచెం దిగులుగా ఉండు" అన్నాడు ఫొటోగ్రాఫర్. మూడుసార్లు తీశారు. ఆ నటుడిని నేను తప్పుపట్టను. వాడి తల నిమిరి, పేరడిగి, ఎంతో ఆప్యాయంగా మాట్లాడారు. నెల తిరక్కుండానే బస్టాండు దగ్గర ఫ్లెక్సీ లేచింది. వాడి బొమ్మ, దాని కింద "ఈ అనాథకు మీరే అండ" అని పెద్ద అక్షరాలు.

వాడు అనాథ కాదండీ. వాళ్లమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తోంది. మా వైపు పిల్లల్ని హాస్టల్లో వదిలి అలా వెళ్లిన తల్లులు చాలామంది. ఎవరో ఆ ఫొటో వాట్సాప్‌లో పంపితే రాత్రి పదకొండింటికి నాకు ఫోన్ చేసింది. "నేను బతికే ఉండా కదా మేడం, నా బిడ్డను దిక్కులేనోడని ఎట్ల రాసినారు?" అని ఏడ్చింది. ఏం చెప్పాలో నాకు తోచలేదు. పిల్లాడైతే ఆ తర్వాత బస్టాండు వైపు వెళ్లడమే మానేశాడు.

అలాగని స్టార్లు వద్దని నేను అనను. 1954లో డానీ కే అనే హాలీవుడ్ నటుడు పిల్లల కోసం పనిచేసే ఐక్యరాజ్యసమితి సంస్థ యునిసెఫ్‌కి తొలి అంబాసిడర్ అయినప్పటి నుంచి ఈ పద్ధతి నడుస్తోంది, మంచీ జరిగింది. హాలీవుడ్ నటి ఆడ్రీ హెప్‌బర్న్ చిన్నతనంలో, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, నెదర్లాండ్స్‌లో ఆకలితో అలమటించారు. అందుకేనేమో, యునిసెఫ్ తరఫున 1988లో కరువుతో అల్లాడుతున్న ఇథియోపియాకి, 1992లో సోమాలియాకి వెళ్లి అక్కడి పిల్లల గురించి లోకానికి చెప్పారు. సోమాలియా నుంచి వచ్చిన కొద్ది నెలలకే ఆమె కన్నుమూశారు.

మన పోలియో సంగతే చూడండి. 2009లో దేశంలో 741 కేసులు. టీవీలో అమితాబ్ బచ్చన్ మెత్తగా చెబితే జనం పట్టించుకోలేదు, గద్దించాక కదిలారు. ఆయనకు కోపం వచ్చిందని బిడ్డల్ని ఎత్తుకుని చుక్కల మందుకు వచ్చిన తల్లులున్నారని ఆయనే చెప్పారు. ఆయన మాట వెనక ఉత్తరప్రదేశ్, బిహార్‌లలో గడపగడపకూ తిరిగిన వేలమంది కార్యకర్తల కాళ్లున్నాయి. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో వచ్చిన కేసే చివరిది. 2014 మార్చి 27న మన దేశం పోలియో నుంచి బయటపడినట్టు ధ్రువీకరణ వచ్చింది. ఆ ప్రకటనల్లో ఆయన ఏ బిడ్డ దైన్యాన్నీ చూపించి జాలి అడగలేదు. ఏ పని చేయాలో చెప్పారు, అంతే. మన దగ్గర మహేశ్‌బాబు గారి సాయంతో విజయవాడలో వేలమంది పిల్లలకు గుండె ఆపరేషన్లు జరిగాయి. బిడ్డ గుండెలో రంధ్రం ఉందని తెలిస్తే ఎక్కడికి పోవాలో తోచని తల్లిదండ్రులకు అది ఎంత పెద్ద దారో నాకు తెలుసు.

మంత్రి గారూ, పిల్లల రక్షణ కోసం తెచ్చిన 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లల్ని గుర్తుపట్టేలా పేరు, ఊరు, బడి, ఫొటో మీడియాలో వేయకూడదు. ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. కానీ మా హాస్టల్ పిల్లలు ఆ లెక్కలోకి రారు. వాళ్లకు తల్లిదండ్రులున్నారు, కాకపోతే దూరాన ఉన్నారు. ఈ సందులోనే ఆ ఫ్లెక్సీ లేచింది.

దయచేసి ఒక జీవో ఇవ్వండి. హాస్టళ్లలో, అంగన్‌వాడీల్లో, బడుల్లో సేవా ప్రచారం కోసం పిల్లల ముఖం కనిపించే ఫొటోలు తీయకూడదని. ఏదైనా తప్పనిసరైతే తల్లో తండ్రో ముందుగా ఒప్పుకోవాలి, పిల్లాడిని కూడా అడగాలి, వద్దంటే వదిలేయాలి. వచ్చే పెద్దల కోసం పిల్లల భోజనం ఒక్క నిమిషం కూడా ఆపకూడదు. ఇది మాత్రం మరీ మరీ అడుగుతున్నాను.

అంబాసిడర్‌ని పెట్టేటప్పుడు పనేమిటో కూడా రాసి ఇవ్వండి. 1098కి ఫోన్ చేస్తే కష్టంలో ఉన్న పిల్లలకు సాయం అందుతుందని మా పల్లెల్లో చాలామందికి ఇప్పటికీ తెలియదు. అభిమాన హీరో ఆ నాలుగంకెలు పలికితే మా పిల్లలు జన్మలో మర్చిపోరు. పోస్టర్ నిండా ఆయన బొమ్మే వేయండి, పక్కన ఆ నంబర్ వేయండి.

ఆ ఫ్లెక్సీని నేనూ వాచ్‌మనూ కలిసి విప్పాం. హాస్టల్ స్టోర్ రూంలో బియ్యం బస్తాల వెనక చుట్టి పెట్టాను. మీ అధికారులు ఎవరైనా వస్తే తీసి చూపిస్తాను.

ఇట్లు,
ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు