చైనా సంగతి సరే, తిరుపతిలో రెండు చీటీల మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

చైనా నగరాల్లో ఇంగ్లీషు వైద్యం, వాళ్ల సంప్రదాయ వైద్యం ఒకే ఆస్పత్రిలో ఎలా నడుస్తున్నాయో మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. అది చదివిన నలుగురు మా షాపు ముందు నిలబడి తేల్చిందేమిటంటే, ‘చూశారా, చైనావాళ్లు కూడా ఆకులు అలములే వాడుతున్నారు, మనమే బిళ్ళలు మింగి చెడిపోతున్నాం’ అని. అక్కడ జరిగింది అది కాదని చెప్పడానికే ఈ ఉత్తరం.

నాది కొర్లగుంటలో మందుల షాపు. షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులతో వచ్చే పెద్దవాళ్లలో చాలామందికి రెండు చీటీలుంటాయి. ఇంగ్లీషు డాక్టరుది జేబులో ఉంటుంది. రెండోది ఆయుర్వేద డాక్టరు రాసిందో, ఎవరో నోటితో చెప్పిందో. అది అడిగితే తప్ప బయటికి రాదు. మా వీధిలో ఒకాయన షుగరుకు గ్లిమెపిరైడ్ వేసుకుంటూనే పొడపత్రి చూర్ణం మొదలుపెట్టాడు. రెండూ చక్కెరను దించేవే. ఒకరోజు చెమటలు పట్టి పడిపోతే ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఏం మందులు వాడుతున్నారని అక్కడ అడిగితే ఇంట్లోవాళ్లు బిళ్ళల పేర్లే చెప్పారు. చూర్ణం సంగతి ఎందుకు చెప్పలేదమ్మా అని తర్వాత నేనడిగితే, ‘అది మందు కాదు కదన్నా, ఆకే కదా’ అంది ఆయన కోడలు. ఆ అమ్మాయిని ఏమనగలం? అడిగినవాళ్లకూ ఆకుల ధ్యాస రాలేదు.

అతిమధురం సంగతీ ఇంతే. దగ్గుకు మంచిదని నెలల తరబడి నములుతారు. అది ఎక్కువైతే ఒంట్లో పొటాషియం తగ్గుతుంది, బీపీ పెరుగుతుంది. బీపీకి నీరు పోయే బిళ్ళ వేసుకునేవాళ్లకు రెట్టింపు నష్టం.

చైనా ఈ రెండో చీటీని ఆస్పత్రిలోపలికి తెచ్చుకుంది. 1956లో బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, చెంగ్డూల్లో సంప్రదాయ వైద్య కళాశాలలు పెట్టారు. 2017 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం ప్రభుత్వ జనరల్ ఆస్పత్రుల్లో సంప్రదాయ వైద్య విభాగం ఉండాలి. రక్తపరీక్షలు, స్కానింగు, మూలికలు అన్నీ ఒకే కప్పు కింద. చాలాచోట్ల కషాయం కూడా ఆస్పత్రిలోనే కాచి, ప్యాకెట్లలో పోసి ఇస్తారు. మందులమ్మే నాకు ఈ ముక్క చదివినప్పుడు కాస్త అసూయే కలిగింది.

ఒకే కప్పు కిందికి తెచ్చాక ఏం చేశారన్నది అసలు విషయం. హార్బిన్ నగరం కథే చూడండి. 1970లలో అక్కడి డాక్టర్లు ఒక నాటుమందు గురించి విన్నారు. అందులో పాషాణం, పాదరసం కలిసిన లవణం, కప్ప విషం ఉండేవి. మన నాటువైద్యులు శంఖపాషాణం అంటారే, అదే ఆ పాషాణం, అంటే ఆర్సెనిక్. జాంగ్ టింగ్‌డాంగ్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు ఏది పనిచేస్తోంది, ఏది ఊరికే ఒంటికి చేటు చేస్తోంది అని విడదీసి చూశారు. పాదరసాన్ని, కప్ప విషాన్ని తీసి పారేశారు. పాషాణం ఒక రకం రక్తక్యాన్సరుపై గట్టిగా పనిచేస్తోందని తేల్చారు. తర్వాత షాంఘై డాక్టర్లు ఆ పని ముందుకు తీసుకెళ్లారు. 2000లో అమెరికా కూడా దానికి అనుమతి ఇచ్చింది. మలేరియాకు ఆర్టెమిసినిన్ కనిపెట్టి 2015లో నోబెల్ అందుకున్న టూ యూయూ కూడా నాలుగో శతాబ్దపు గ్రంథంలోని ఒక వాక్యం పట్టుకునే బయల్దేరారు. కానీ నోబెల్ వచ్చింది ఆ వాక్యాన్ని పరీక్షకు పెట్టినందుకు.

పరీక్ష లేకపోతే ఏమవుతుందో కూడా ఆ చైనా మూలికలే చూపించాయి. 1990లలో బెల్జియంలో లావు తగ్గించే ఒక క్లినిక్‌లో ఒక మూలిక బదులు ఇంకో మూలిక కలిసిపోయి వందమందికి పైగా ఆడవాళ్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి. అలా కలిసిపోయిన మొక్కది మన ఈశ్వరి, గాడిదగడప జాతే. అదే విషం ఉన్న మరో మూలికను చైనా 2003లో నిషేధించింది. ఇక్కడ మాత్రం పాముకాటుకు ఈశ్వరి వేరు, పిల్లల కడుపులో పురుగులకు గాడిదగడపాకు అని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు.

ఇదంతా మనకు కొత్త కాదు. మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడే, 1925లో, మద్రాసులో ప్రభుత్వం దేశీయ వైద్య పాఠశాల పెట్టింది. రెండు వైద్యాలూ చదివి ఎల్‌ఐఎం అనే దేశీయ వైద్య పట్టాతో బయటికి వచ్చేవారు. అంతకుముందే, అలోపతి చదివి ఆయుర్వేదం వైపు వచ్చిన ఆచంట లక్ష్మీపతి గారి కళాశాలలో, అమెరికా వెళ్లక ముందు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు అనాటమీ చెప్పారు. 1925లో పెట్టిన ఆ ప్రభుత్వ పాఠశాలే పెరిగి పెరిగి చివరికి 1960లో కీల్పాక్ మెడికల్ కాలేజీ అయింది, ఎంబీబీఎస్ మిగిలింది. సరిగ్గా అదే ఏడాది మన ఎస్వీ మెడికల్ కాలేజీ పుట్టింది. ఆ తర్వాత మిగిలింది కొట్లాటే. 2020లో ఆయుర్వేద పీజీలు ఏ ఆపరేషన్లు చేయొచ్చో చెబుతూ ఉత్తర్వు వస్తే డాక్టర్లు ఒకరోజు ఓపీలు ఆపారు. కత్తి ఎవరు పట్టాలన్నదానిపై చూపిన శ్రద్ధలో సగమైనా రోగి మింగుతున్నదానిపై చూపితే బాగుండేది.

2021 మే నెలలో కరోనాకని ఇచ్చిన కృష్ణపట్నం మందు కోసం జనం ఎగబడ్డ సంగతి అందరికీ గుర్తే. ముందు క్యూలు, తర్వాత పరిశీలన. వాడినవాళ్ల వివరాలు సేకరించే పనిలో తిరుపతి ఆయుర్వేద కళాశాల కూడా పాలుపంచుకుంది. చివరికి కంటి చుక్కలు తప్ప మిగతావాటికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఆ పని క్యూలకంటే ముందు జరగాల్సింది.

తిరుపతికి ఏం తక్కువ? స్విమ్స్, రుయా లాంటి పెద్దాస్పత్రులున్నాయి, టీటీడీ ఆయుర్వేద కళాశాల, ఆస్పత్రి ఉన్నాయి. నరసింగాపురంలో టీటీడీదే ఆయుర్వేద ఫార్మసీ ఉంది. చుట్టూ శేషాచలం అడవి. ఇన్ని ఉన్న ఊళ్లో షుగరుకు, పక్షవాతం తర్వాత కోలుకునేవాళ్లకు వారానికి ఒకరోజు ఇద్దరు డాక్టర్లూ ఒకే గదిలో కూర్చునే ఓపీ పెట్టలేమా? రోగి ఏ మూలిక వాడినా, లివరు, కిడ్నీ పరీక్షలు ముందోసారి, తర్వాతోసారి చేసి, ఆ కాగితాలు ఒకే ఫైలులో పెడితే కొన్నేళ్లలో పొడపత్రి మీదా, తిప్పతీగ మీదా మనం నమ్మదగ్గ మాట చెప్పగలం. పనికిరానిదాన్ని పనికిరాదని చెప్పే ధైర్యం కూడా కావాలి. అది లేనిచోట రెండు వైద్యాలు కలపడం నాకిష్టం లేదు, విడివిడిగా ఉండడమే మేలు.

ఇదంతా అధికారులు, ప్రొఫెసర్లు కూర్చుని తేల్చాలి. ఈలోపు డబ్బు ఖర్చు లేని పని ఒకటుంది. నగరంలోని ప్రతి ఆస్పత్రి, క్లినిక్ తమ ఓపీ చీటీ మీద ఒక గడి అచ్చు వేయాలి: ‘ఇంకేమైనా చూర్ణం, కషాయం, ఆకులు వాడుతున్నారా?’ ఆయుర్వేద ఓపీలో అలాగే ‘ఇంగ్లీషు బిళ్ళలేమైనా వాడుతున్నారా?’ అని ఉండాలి. గడి నింపే బాధ్యత రోగి మీద వేయకుండా, బీపీ చూసే నర్సమ్మే అడిగి రాయాలి.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
కొర్లగుంట, తిరుపతి.